నా 24 మార్కుల రోబో, వాడి 14 మార్కుల బంతి

ముందుగా ఒక విషయం ఒప్పుకోవాలి. పోయిన సెమిస్టర్ యానిమేషన్ ఎలెక్టివ్ ల్యాబ్‌లో నాకు 25కి 24 వచ్చాయి. నిజం చెప్పాలంటే అవి నా మార్కులు కావు.

నా ప్రాజెక్టులో ఒక రోబో నడుచుకుంటూ వచ్చి చెయ్యి ఊపుతుంది. చూడ్డానికి అదిరిపోతుంది. కానీ రోబో మిక్సామో సైట్‌లో దొరికింది. నడకా అక్కడిదే, చెయ్యి ఊపడమూ అక్కడిదే. నేను చేసిందల్లా డౌన్‌లోడ్ చేసి, బ్లెండర్‌లో పెట్టి, వెనకాల సూర్యాస్తమయం ఫొటో తగిలించి రెండర్ కొట్టడం. ఒక్క సాయంత్రం పని.

పక్క సిస్టమ్‌లో కూర్చునే నా ఫ్రెండ్ మూడు వారాలు ఒక బంతితో కుస్తీ పట్టాడు. బూడిదరంగు బంతి, బూడిదరంగు నేల, అంతే. ఒక వీడియోలో అది పింగ్‌పాంగ్ బంతిలా టకటకా ఎగురుతుంది. ఇంకోదాంట్లో అదే బంతి ఇనప గుండులా దబ్బున పడి, కొంచెం లేచి ఆగిపోతుంది. వాడికి 14 వచ్చాయి.

మార్కులు పెట్టిన రోజు వాడు నన్ను ఒకటే అడిగాడు. "రేయ్, నీ రోబో నడుస్తున్నప్పుడు బరువు ఏ కాలి మీద ఉంటుందిరా?" కోపంగా కూడా కాదు, మామూలుగానే అడిగాడు. నా దగ్గర జవాబు లేదు.

బంతి ఎగరడంలో ఏముంది అనుకుంటాం. కానీ యానిమేషన్ నేర్చుకునేవాళ్ళకి సాధారణంగా మొదట ఇచ్చే ఎక్సర్‌సైజ్ అదే. సెకనుకి 24 ఫ్రేములు అనుకోండి. బంతి పైకి వెళ్ళి నెమ్మదిస్తుంది కాబట్టి అక్కడ ఒక ఫ్రేముకీ ఇంకో ఫ్రేముకీ మధ్య దూరం తక్కువుండాలి. కిందికి వచ్చేకొద్దీ ఆ దూరం పెరగాలి. నేలని తాకగానే ఠక్కున దిశ మారాలి. మనం పైన ఒక కీఫ్రేమ్, కింద ఒక కీఫ్రేమ్ పెట్టి వదిలేస్తే బ్లెండర్ రెండుచోట్లా వేగాన్ని మెత్తగా తగ్గించేస్తుంది. దాంతో బంతి నేల దగ్గర బ్రేకు వేసినట్టు ఆగి, బెలూన్‌లా పైకి లేస్తుంది. గ్రాఫ్ ఎడిటర్ తెరిచి, నేల దగ్గరున్న వంపుని పదునైన మూలగా మార్చాలి. ఆ ఒక్క మార్పు ఎందుకు చెయ్యాలో తెలిసినవాడికి కోర్సులో సగం వచ్చినట్టే. 'ఈగ' సినిమాలో ఈగకి మాటల్లేవు. అయినా దాని కోపం మనకి అర్థమైందంటే కారణం కదలికే కదా!

థియరీ సంగతీ ఇంతే. డిస్నీ యానిమేటర్లు ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో తమ పుస్తకంలో రాసిన 12 సూత్రాలు మన సిలబస్‌లో ఉన్నాయి. వాటిని కంప్యూటర్ యానిమేషన్‌లో ఎలా వాడాలో జాన్ లాసెటర్ 1987లో సిగ్‌గ్రాఫ్ పేపర్‌లో వివరించాడు. మిడ్‌లో ఆ సూత్రాలు రాయమన్నారు. పన్నెండూ వరసగా రాసేశాను. కానీ ల్యాబ్‌లో నా మొదటి బంతి బెలూన్‌లాగే లేచింది. ఎందుకో కనుక్కోకుండా రోబోకి వెళ్ళిపోయాను.

ఇందులో సర్ తప్పేమీ లేదు. ఆయన చేతికిచ్చిన మార్కుల షీటే అలా ఉంది. అవుట్‌పుట్‌కి 10, రికార్డుకి 5, వైవాకి 5, అటెండెన్స్‌కి 5. అవుట్‌పుట్ అంటే వీడియో ఫైల్. వీడియోలో అందం కనిపిస్తుంది, ఎవరు చేశారో కనిపించదు. ఎంత నేర్చుకున్నారో అసలే కనిపించదు. ఇంటర్ నుంచే బొమ్మలు వేసేవాడికీ, మొన్ననే మౌస్ పట్టుకున్నవాడికీ ఆఖరి వీడియో చూసే మార్కులేస్తే, మనం కొలుస్తున్నది వాళ్ళు వచ్చేటప్పుడు తెచ్చుకున్నదాన్ని. కాలేజీ నేర్పినదాన్ని కాదు.

నా ప్రతిపాదన చిన్నదే. ఒకటి, వీడియోతో పాటు బ్లెండర్ ఫైల్ కూడా తీసుకోవాలి. గ్రాఫ్ ఎడిటర్ తెరిస్తే ఆ బంతిని ఎవరైనా సరిదిద్దారా, అలాగే వదిలేశారా అన్నది నిమిషంలో తెలిసిపోతుంది. రెండు, మొదటి వారం చేసిన బంతినీ ఆఖరి వారం చేసిన బంతినీ పక్కపక్కన పెట్టి చూడాలి. ఆ తేడాకి మార్కులివ్వాలి. మూడు, వైవాలో డెఫినిషన్ అడగొద్దు. "ఈ బంతిని ఇంకొంచెం బరువుగా చెయ్యి" అనాలి. కళ్ళముందే మార్చాలి. నాలాంటివాడు అక్కడే దొరికిపోతాడు.

64 మందికి ఇదంతా ఎక్కడ కుదురుతుంది అంటారు. మనిషికి 3 నిమిషాలు వేసుకున్నా 192 నిమిషాలు. అంటే రెండు ల్యాబ్ సెషన్లలో అయిపోతుంది. ఇప్పుడు రికార్డుల మీద సంతకాలకే అంత టైమ్ పోతోంది. బయట కంపెనీలు ఫైనల్ రీలే చూస్తాయి కదా అని ఇంకొందరంటారు. చూస్తాయి. కానీ రీల్‌తో పాటు ఏ షాట్‌లో నువ్వేం చేశావో చెప్పమని కూడా అడుగుతాయి. నా రోబో విషయంలో నేనేం చెప్పాలి?

సెమిస్టర్ చివర ఫీడ్‌బ్యాక్ ఫారం వస్తే నేనూ అందరిలాగే అన్నిటికీ 'ఎక్సలెంట్' కొట్టి క్యాంటీన్‌కి వెళ్ళిపోయాను. కింద కామెంట్ల డబ్బా ఖాళీగా వదిలేశాను. ఈ సెమిస్టర్ ఆ డబ్బాలో పై మూడూ రాస్తాను. ఈ ఎలెక్టివ్ తీసుకున్న మిగతావాళ్ళు కూడా రాస్తే వచ్చే బ్యాచ్‌కైనా పనికొస్తుంది.

అన్నట్టు, సెలవుల్లో ఆ బంతి మళ్ళీ మొదలుపెట్టాను. పదకొండో ఫైల్‌లో కాస్త బరువు వచ్చింది. ఫ్రెండ్‌కి పంపిస్తే, "నేలకి తగిలాక ఇంకా కొంచెం తేలుతోందిరా" అన్నాడు. చూశాను. నిజమే, తేలుతోంది.