పాల గుణం మేతలో ఉంది

శ్రీకాళహస్తిలో నా వద్దకు వచ్చే రోగులు ఈ మధ్య తరచుగా అడుగుతున్నారు: "అయ్యా, పుంగనూరు ఆవు పాలే తాగాలా?" మన చిత్తూరు సీమకు చెందిన ఈ పొట్టి జాతి నిజంగా అపురూపమైనది. సుమారు మూడడుగుల ఎత్తు, స్వల్పాహారం, చిక్కని పాలు. పలమనేరు పశు పరిశోధనా స్థానంలో దీనిని పరిరక్షిస్తున్నారు. అయినను జాతి పేరు చూచి పాలను ఔషధమనుట తగదని నా అభిప్రాయం.

చరకుడు గోక్షీరానికి పది గుణాలు చెప్పి, అవి ఓజస్సు గుణాలతో సమానమన్నాడు. ఆ పాలకు మూలం ఆవు తినే ఆహారమే. మన ప్రాంతంలో వేరుశనగ చెక్కను దాణాగా పెడతారు. చెమ్మ తగిలి బూజు పట్టిన చెక్కలో అఫ్లాటాక్సిన్ అనే విషం పుట్టవచ్చు. అది కాలేయానికి హానికరం. ఆవు తిన్న ఆ విషంలో కొంత పాలలోకి దిగుతుంది. పాలను కాచి తాగడం అవసరమే, క్రిములు నశిస్తాయి. కాని ఈ విషం కాచినా పోదు. దేశవాళీ ఆవైనా, జెర్సీ సంకరమైనా నియమం ఒక్కటే.

కనుక చెక్క బస్తాలను నేలపై గాక, గాలి ఆడే చోట బల్లలపై ఉంచవలెను. బూజు వాసన వేసిన చెక్కను కుడితిలో కలపరాదు.

చెడిన బస్తాను పారవేయమనుట సులభం. నష్టం భరించేది రైతు. పాలకు గిట్టుబాటు ధర ఇవ్వక, మంచి పాలు మాత్రం కోరుట న్యాయమా? పాలు పోయించుకొనే గృహస్థులు ఒకసారి కొట్టానికి వెళ్లి ఆవు ఏమి తింటున్నదో చూడండి. శ్రద్ధగా మేపే రైతుకు రూపాయి ఎక్కువే ఇవ్వండి.