తేజోవధకు లెక్క ఉన్నదా?

జనగామ జిల్లాలోని చిల్పూరు గుట్టమీద వెలసిన స్వామికి బుగులు వేంకటేశ్వరుడని పేరు. తెలంగాణపు పలుకుబడిలో బుగులనగా భయమును దిగులును కలగలిసిన కలత. పద్మావతీ పరిణయమునకై కుబేరునియొద్ద అప్పు చేసిన శ్రీనివాసుడు, దానిని తీర్చు దారి గానక బుగులుపడి, ఈ గుట్టకు వచ్చి తపస్సు చేసెనని స్థలపురాణము చెప్పును. ఆ కథలోని విశేషమేమనగా, దేవుని శరీరమున కెట్టి గాయమును తగులలేదు; ఆయుధము పట్టిన శత్రువెవ్వడును ఎదుట నిలువలేదు. దెబ్బ తగిలినది మనస్సునకు మాత్రమే. అట్లని ఆ ప్రాంతపు జనులు అది దెబ్బయే కాదని త్రోసివేయలేదు. దేవునికి తగని బలహీనతయని దాచిపెట్టనూ లేదు. ఆ కలతనే పేరుగా పెట్టి స్వామిని కొలుచుచున్నారు.

మనస్సునకు తగిలిన దెబ్బను దెబ్బగా గుర్తించుట ఒక మెట్టు. దాని బరువును తూచుట అంతకంటె కష్టమైన మెట్టు. ఈ రెండవ మెట్టెక్క జూచినవారు వైద్యులును తత్త్వవేత్తలును మాత్రమే కారు. ఆటలు కల్పించినవారు కూడ కలరు. ఆటను గూర్చి బడిపంతులు ఆలోచింప నేల యని కొందరనవచ్చును. కాని ఒక జాతి దేనిని నష్టముగా లెక్కించునో, దేనిని లెక్కింపదో తెలిసికొనుటకు ఆ జాతి ఆడుకొను ఆటల నియమములకంటె సూటియైన సాక్ష్యము అరుదు.

1974లో అమెరికాలో గారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ అను ఇరువురు ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ అను ఆటను వెలువరించిరి. బల్లచుట్టు నలుగురైదుగురు కూర్చుందురు. ఒకరు సూత్రధారి, తక్కినవారు తలకొక పాత్రను స్వీకరింతురు. వేషము లేదు, రంగస్థలము లేదు, మాటయే రంగము. తలపెట్టిన కార్యము నెరవేరునో లేదో సందేహమైనచోట పాచిక తీర్పు చెప్పును. మన వైకుంఠపాళిలో పాము మ్రింగినను పావు భయపడదు. నిచ్చెన యెక్కినను సంతోషింపదు. ఈ ఆటలో పాత్రకు తెలివి, వివేకము, ప్రాణబలము మున్నగువాని కన్నిటికిని అంకెలు కలవు. కనుక ఇందు కత్తివేటువలెనే భయమును నిందయు గూడ లెక్కకు ఎక్కవలసివచ్చెను.

2014లో వెలువడిన ఐదవ కూర్పులో మనస్సునకు తగులు దెబ్బకు ప్రత్యేకమైన పేరు కలదు. కాని ఆ నష్టము కత్తిగాయపు పద్దులోనే పడును. నిప్పు కాల్చినను, బల్లెము గ్రుచ్చినను, మనస్సు గాయపడినను తగ్గునది ఒకే ప్రాణబలపు అంకె. ఎనిమిది గంటల విశ్రాంతి దొరకినచో పోయిన దంతయు తిరిగి వచ్చును. లెక్క సులభమే, కాని సత్యమునకు దూరము. రాత్రి నిద్రించి లేచునప్పటికి అవమానము మానిపోవు లోకమే ఉన్నచో, ఆ లోకమున కావ్యములకును కన్నీళ్లకును పని యుండదు.

అయినను ఆ ఆటలోనే మిక్కిలి సూక్ష్మమైన నియమ మొకటి దాగియున్నది. గాయక పాత్రలు నేర్చు చిన్న మంత్రమది; ఎదుటివానిని పరిహసించుటయే దాని స్వరూపము. వివేకపు పరీక్షలో నిలువజాలనివాడు నాలుగు ముఖముల పాచికపై పడిన మేరకు ప్రాణబలమును కోల్పోవును. ఆ నష్టము స్వల్పము. అసలు దెబ్బ తరువాత వచ్చును. వాడు వెంటనే చేయు ముట్టడికి ఇరువది ముఖముల పాచికను రెండుమార్లు వేసి, తక్కువ పడిన అంకెనే గ్రహింపవలెను. అనగా పరిహాసము మనిషిని చంపకపోవచ్చును గాని, వాని చేతిని తడబడజేయును.

ఈ నియమము తెలుగువారికి క్రొత్త గాదు. శల్యుడు కౌరవపక్షము చేరినప్పుడు ధర్మరాజు అతనిని కోరినది కర్ణుని తేజోవధ. కర్ణునికి సారథియైన శల్యుడు బాణము వేయలేదు, రథము విరువలేదు. ఎంగిలి మెతుకులు తిని బలిసిన కాకి హంసలతో పందెము వేసి సముద్రముపై ఎగిరిన కథ చెప్పెను. ఆ కథ ఎవరిని గూర్చినదో కర్ణునికి తెలియును. అతడు మద్రదేశపు జనులను దూషించి బదులు తీర్చెను. పరిహాసమునకు మాఱు పరిహాసము పుట్టినది. ఒకే రథముపై నున్న ఇరువురి నడుమ నమ్మిక నశించినది. ఉద్యోగ, కర్ణ పర్వములను తెలుగు చేసిన తిక్కన చేతిలో ఈ ఘట్టములను చదివినవారికి, తేజోవధ కేవలము పురాణశబ్దము గాక నిత్యవ్యవహారమని తోచకమానదు.

మఱియొక ఆట ఈ విషయమున లోతుగా పోయినది. 1981లో శాండీ పీటర్సన్ రచించిన ‘కాల్ ఆఫ్ కతూలు’ అనుదానిలో ప్రాణబలమునకు వేరుగా మనఃస్థిమితమునకు ఒక అంకె కలదు. ఘోరమైన దృశ్యము కనబడినపుడు ఆ అంకె తగ్గును. ఒక్క దెబ్బకు ఐదుగాని అంతకు మించిగాని తగ్గినచో తెలివికి పరీక్ష పెట్టుదురు. చిత్రమేమనగా, ఆ పరీక్షలో నెగ్గినవానికే మతి చలించును. ఓడినవాడు తాను చూచిన దేమో గ్రహింపలేదు గనుక బ్రతికిపోవును. గ్రహించినవాడే గాయపడును. చురుకైన పిల్లవాడు, సున్నితమైన పిల్లవాడు ఒక మాటకు ఎందుకంత కుమిలిపోవునో ఈ నియమము వ్యాఖ్యానము లేకయే చెప్పుచున్నది.

1998 నాటి ‘అన్‌నోన్ ఆర్మీస్’ అను ఆటలో ఒక్క అంకె చాలదని ఐదు పద్దులు పెట్టిరి: హింస, అలౌకికము, నిస్సహాయత, ఒంటరితనము, తనయెడ తనకు గల విశ్వాసము. ప్రతి దెబ్బకును రెండే ఫలితములు. తట్టుకొనలేనివాడు విరుగును, తట్టుకొన్నవాడు కరడుగట్టును. ఆ కరడును నష్టముగానే లెక్కించుట ఈ ఆట గొప్పతనము. అన్ని పద్దులయందును కరడుగట్టినవాడు ధీరుడు గాడు. సాటి మనిషి బాధ అంటనివాడు. తిట్లు తిని తిని ఇక ఏమన్నను తల యెత్తని విద్యార్థిని చూచి, వానికి అలవాటైనదని తృప్తిపడు ఉపాధ్యాయుడు ఈ పద్దును ఒకమారు చూడవలెను.

ఒకే పద్దు చాలదన్న సంగతి చిల్పూరునకు దవ్వుగాని బమ్మెరయందు శతాబ్దములకు పూర్వమే ఎఱుకయైనది. పోతన గజేంద్రుడు మొసలిచేత చిక్కి మొఱపెట్టునపుడు బలమును, ధైర్యమును, ప్రాణములను, స్పృహను, శరీరమును వేర్వేరుగా ఎంచును. ఏది పోయినది, ఏది చలించినది, ఏది అలసినది అన్నది కలిపివేయడు. బాధపడువాడు తన బాధను ఇంత స్పష్టముగా విడదీసి చెప్పగలిగినప్పుడే వినువాడు సాయపడగలడు. బడిలో పిల్లలకు ఆ పద్యమును కంఠస్థము చేయింతురు. ఆ విధముగ తమ బాధను చెప్పుకొనుటను మాత్రము నేర్పరు.

ఈ ఆటలయందు దోషమును లేకపోలేదు. పాచిక వేసి, పట్టిక చూచి, పాత్రకు ఉన్మాదమును పంచిపెట్టుట వీనిలో చాలకాలము సాగినది. 2014 నాటి సూత్రధారి గ్రంథములో సైతము అట్టి పట్టికలు కలవు. నిజజీవితమున మనోవ్యాధితో పోరాడువారున్నారు. వారి లక్షణములను వినోదమునకు వాడుకొనుట మర్యాద గాదు. 2021లో వెలువడిన ‘రేవన్‌లాఫ్ట్’ గ్రంథము పాత్రల భయమునకును ఒత్తిడికిని నియమములు కూర్చినది. అది మేలైన మార్గము. ఉన్మాదమనగానే అది ఎవరో పరాయివారిదని తోచును, భయమనగా అందరిదియును.

ఆటలోని అంకె నిజమైన వ్యథకు సాటియగునా యని శంక పుట్టవచ్చును. కాదు. మార్కు మాత్రము విద్యకు సాటియగునా? అయినను ఉపాధ్యాయుడు మార్కు వేయుచునే యున్నాడు. ఏలయన లెక్కింపని దానిని లోకము లేనిదానిగా భావించును. బెత్తపు దెబ్బకు చర్మముపై గుర్తుండును. మొద్దు, దున్నపోతు అను మాటలకు గుర్తుండదు. ఆ గుర్తు లేకపోవుటయే ఆ మాటలకు రక్షణయైనది.

చట్టము ఆ రక్షణను తొలగించినది. 2009 నాటి విద్యాహక్కు చట్టపు పదునేడవ సెక్షను బిడ్డను శారీరకముగా దండించుటనే గాక మానసికముగా వేధించుటను గూడ నిషేధించినది. రెంటిని ఒకే వాక్యమున నిలిపినది. కాని తరగతిగది తలుపు మూసిన తరువాత ఏ చట్టమును ఒంటరిగా లోనికి పోజాలదు. దానిని వెంట తీసికొనిపోవలసినవాడు ఉపాధ్యాయుడే. విద్యార్థులును ఈ బాధ్యతకు బయటివారు గారు. తోటివానికి వెక్కిరింపు పేరు పెట్టి పిలుచువాడు తాను శల్యుని పీటపై కూర్చుంటినని యెఱుగడు.

నల్లబల్లయొద్దకు పిలువబడిన పిల్లవాడు లెక్క తప్పినపుడు గురువు చేతిలో రెండు మాటలుండును. ఒకటి తప్పును చూపును. రెండవది పిల్లవానిని చూపి నవ్వించును. తరగతియంతయు నవ్విన పిదప వాడు మరల సుద్దముక్క పట్టుకొనును. వానికి తెలిసిన లెక్కయే కావచ్చును. కాని ఆ క్షణమున వాడు పాచికను రెండుమార్లు వేయుచున్నాడు. తక్కువ పడిన అంకెయే వానికి దక్కుచున్నది. ఆ అంకెను చూచి వాని తెలివి ఇంతేయని నిశ్చయించు గురువు, తాను వేసిన పాచికను తానే మఱచినవాడు.