పిల్లల చేతికి ఏ పుస్తకం ఇద్దాం?



వేసవి సెలవులు దగ్గరపడితే తల్లిదండ్రులు నన్ను తప్పకుండా అడిగే మాట ఒకటుంది. "అయ్యగారూ, మావోడు ఎనిమిదిలోకి వస్తన్నాడు. పొద్దస్తమానం ఫోనే. ఏదైనా మంచి పుస్తకం ఉంటే చెప్పండి." అడిగేవారిలో స్టీల్ ప్లాంటులో కాంట్రాక్టు పనికి వెళ్లేవారున్నారు, పోర్టులో షిఫ్టు దిగి నిద్రకళ్లతో ఆరాధనకు వచ్చేవారున్నారు. తాము చదువుకోలేకపోయినా పిల్లలు చదవాలని కోరుకునే ఈ తల్లిదండ్రులంటే నాకు గౌరవం. అయితే "మంచి పుస్తకం" అన్నప్పుడు మనలో చాలామంది ఉద్దేశం "చెడ్డ మాట ఒక్కటీ లేని పుస్తకం" అని. ఆ రెండూ ఒకటి కావు.

మందిరం వెనక గదిలో పిల్లల కోసం ఒక చిన్న బీరువా పెట్టిన సంగతి మీకు తెలుసు. అందులో రావిశాస్త్రి గారి ‘ఆరు సారా కథలు’ చూసి మన పెద్దల్లో ఒకరు, "ఇదేటి అయ్యగారూ, మందిరంలో సారా కథలేటి?" అని దాన్ని తీసి కిటికీలో పెట్టేశారు. ఆయన్ని తప్పుపట్టను. తాగుడు మన పేటలో ముట్టని ఇల్లు లేదు. కాని పేరు చూసి తీసేసిన ఆ పుస్తకంలో ఏముంది? రాచకొండ విశ్వనాథశాస్త్రి గారు మన విశాఖపట్నంలోనే వకీలుగా పనిచేశారు. మద్యనిషేధం అమల్లో ఉన్న రోజుల్లో చట్టం కాగితం మీద ఎలా ఉందో, సందుల్లో ఎలా నడిచిందో, ఎవరి జేబులు నిండాయో, చివరికి ఏ పేదవాడు బోనెక్కాడో ఆయన దగ్గరగా చూసి రాశారు. మనుషులు మన ఊరి మాటే మాట్లాడతారు. అది చదివిన కుర్రాడికి సారా మీద మోజు పుట్టదు. సారా వెనకాల ఎవరుంటారో తెలుస్తుంది. తాగొద్దని నేను చేసిన ప్రసంగాలన్నిటికంటే ఆ ఆరు కథలే వాడికి ఎక్కువ చెబుతాయేమో.

ఏడో తరగతి పిల్లకు మాత్రం దాన్ని ఇవ్వను. పదో తరగతి దాటినవాళ్లకు ఇస్తాను. ఇంట్లో పెద్దలు ముందు చదివి ఉంటే మరీ మంచిది. పుస్తకంలో చెడు కనిపించడం నాకు అభ్యంతరం కాదు, మన బైబిలులో దావీదు పాపాన్ని ఎవరూ దాచలేదు కదా! ఆ చెడును చూసి తట్టుకునే వయసు వచ్చిందా, రాలేదా అన్నదే చూడాలి. పన్నెండేళ్ల పిల్లకూ పదహారేళ్ల పిల్లకూ మధ్య నాలుగేళ్లే తేడా. చదువులో మాత్రం అది చాలా దూరం.

"లోకపు పుస్తకాలు మనకెందుకండీ?" అనే ప్రశ్న కూడా వస్తుంది. దానియేలు గ్రంథం మొదటి అధ్యాయం ఒకసారి తీయండి. బబులోనుకు చెరపట్టబడి వెళ్లిన ఆ నలుగురూ యౌవనస్థులే. రాజు భోజనం వద్దన్నారు. కల్దీయుల భాషనూ విద్యనూ మాత్రం వద్దనలేదు, శ్రద్ధగా నేర్చుకున్నారు. ఏది వద్దనాలో, ఏది నేర్చుకోవాలో వారికి తెలిసింది. మన పిల్లలకు ఆ తెలివి రావాలంటే పుస్తకాలు దాచిపెడితే రాదు.

ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల వారికి నేను ముందుగా చెప్పేది ‘రైలుబడి’. జపాను రచయిత్రి తెత్సుకో కురొయనాగి తన బాల్యం గురించి రాసిన ‘తొత్తోచాన్’కు ఇది తెలుగు. అల్లరి పిల్ల అని మొదటి బడివాళ్లు పంపించేసిన పాప, పాత రైలుపెట్టెల్లో పాఠాలు చెప్పే బడిలో చేరుతుంది. చేరిన రోజున ఆ హెడ్మాస్టరు ఆ పాప మాటలు నాలుగు గంటలు కూర్చుని వింటాడు. నాలుగు గంటలండీ! మనం మన పిల్లల మాట నాలుగు నిమిషాలు వింటున్నామా? పిల్లల క్యారేజీలో కొండ నుంచి వచ్చింది కొంచెం, సముద్రం నుంచి వచ్చింది కొంచెం ఉండాలంటాడు ఆయన. కొండలూ సముద్రమూ రెండూ ఉన్న మన విశాఖ పిల్లలకు ఆ మాట ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. చివరికి యుద్ధంలో బాంబులు పడి ఆ బడి కాలిపోతుంది. యుద్ధం అంటే ఏమిటో పిల్లలకు అక్కడ తెలుస్తుంది.

సోమరాజు సుశీల గారి ‘ఇల్లేరమ్మ కథలు’ చదివితే ఆడపిల్లల అల్లరికి కడుపుబ్బ నవ్వుతారు. ఖదీర్‌బాబు గారి ‘దర్గామిట్ట కథలు’ నెల్లూరు ప్రాంతపు ముస్లిం ఇంట పెరిగిన పిల్లవాడివి. పక్కింటివాడి పండగ, వాడి ఆకలి, వాడి అమ్మ మన పిల్లలకు తెలియాలి. మనల్ని కూడా ఇరుగుపొరుగు తెలుసుకోవాలని కోరుకుంటాం కదా.

ఇంకాస్త పెద్దవాళ్లకు గుర్రం జాషువా గారిని చదివించాలి. ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ బహుమతి వచ్చిందని మన సభల్లో గొప్పగా చెప్పుకుంటాం. 1941 నాటి ‘గబ్బిలం’ ఊసు మాత్రం ఎత్తం. అందులో అంటరానివాడొకడు కాశీలోని శివుడికి గబ్బిలంతో సందేశం పంపుతాడు. "క్రైస్తవ కవి శివుడికి సందేశం రాయడమేమిటి?" అని అక్కడే ఆగిపోతే అసలు బాధ మనకు అందదు. గబ్బిలం చొరబడగలిగిన గుడిలోకి మనిషికి ప్రవేశం లేదు, అదీ ఆయన బాధ. మన తాతలు పడ్డదీ అదే. పద్యాలు కష్టం కాబట్టి రోజుకు రెండే, గొంతెత్తి, పెద్దల్లో ఒకరి పక్కన కూర్చుని చదవాలి.

ప్రతి కథ చివర "నీతి" అని గీత గీసి ఉన్న చిన్న పుస్తకాల మీద నాకు పెద్ద మోజు లేదు. మూడో తరగతి వరకు సరే. పద్నాలుగేళ్ల పిల్లవాడికి అవి ఇస్తే నన్నింకా చిన్నపిల్లాడనుకుంటున్నారనుకుంటాడు. తప్పిపోయిన కుమారుని కథ ఎక్కడ ఆగిందో చూడండి. తండ్రి బయటికి వచ్చి బతిమాలాడు. పెద్దకొడుకు లోపలికి వెళ్లాడా, లేదా? లూకా చెప్పడు. వినేవాళ్లే ఆలోచించుకోవాలి.

నేను కాదనే పుస్తకాలూ ఉన్నాయి. అమ్మాయి వద్దంటున్నా వెంటపడటాన్ని ప్రేమ అని పొగిడేవి. నల్లగా ఉన్నవాణ్ణి, పేదవాణ్ణి, కుంటివాణ్ణి నవ్వులపాలు చేసేవి. పిల్లవాణ్ణి ర్యాంకుల గుర్రంలా చూసేవి. కొందరికి కోపం రావచ్చు గాని, లోకాంతం పేరుతో పిల్లల్ని రాత్రిళ్లు నిద్రపోనివ్వని కరపత్రాలు కూడా ఈ వరుసలోనే పెడతాను. వీటిలో చాలావాటిలో బూతు మాట ఒక్కటీ ఉండదు. పైపై వడపోతలో హాయిగా నెగ్గుతాయి.

ఇవన్నీ చదవాలంటే ముందు తెలుగు రావాలి. ఇంగ్లీషు మీడియంలో తొమ్మిది చదివే పిల్లను ఆదివారం వాక్యం చదవమంటే మూడో మాట దగ్గర తడబడుతోంది. తల్లేమో పక్కనుంచి సిగ్గుతో అందిస్తోంది. 1805లో జార్జి క్రాన్, అగస్టస్ డెస్ గ్రాంజెస్ అనే ఇద్దరు మిషనరీలు ఈ విశాఖపట్నంలోనే దిగి, తెలుగు నేర్చుకుని, ఆనందరాయర్ అనే తెలుగు విశ్వాసి సాయంతో సువార్తలను అనువదించారు. ఐదారేళ్లు తిరక్కుండానే ఇద్దరూ కన్నుమూశారు. వారి శ్రమఫలం 1812లో సెరంపూరులో అచ్చయింది. ఎక్కడినుంచో వచ్చినవాళ్లు ప్రాణం పెట్టి నేర్చుకున్న భాష ఇది. ఇక్కడ పుట్టిన మన పిల్లలకు రాకుండా పోతుంటే నాకు దిగులుగా ఉంది. అందుకే తెలుగు కథల పుస్తకం ఏదైనా సరే, పిల్ల ఇష్టపడి చదువుతుంటే లాక్కోకండి.

డబ్బు మాటకొస్తే, మన ఇంటిపన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయానికి ఎప్పుడో కట్టేస్తున్నాం. దగ్గరలోని శాఖా గ్రంథాలయంలో పిల్లల పేరున సభ్యత్వం తీసుకోండి. పని మీద నగరానికి వెళ్లినప్పుడు ద్వారకానగర్ పౌర గ్రంథాలయంలో వాళ్లను ఓ గంట వదలండి, ఏది తీస్తారో దూరం నుంచి చూడండి.

మన బీరువా తాళం సండే స్కూలు టీచరమ్మ దగ్గర ఉంటుంది. అందులో ఏదైనా పుస్తకం పిల్లలకు తగదని మీకు తోస్తే, ఇంటికి తీసుకెళ్లి పూర్తిగా చదివి, ఏ పేజీ గురించి అంటున్నారో గుర్తుపెట్టి తీసుకురండి. ఆరాధన తర్వాత టీ తాగుతూ మాట్లాడుకుందాం.