గమకానికి గీత దొరికింది

ద్రాక్షారామంలో 1922లో పుట్టిన ఈమని శంకరశాస్త్రి వీణ తీగ లాగి పలికించిన గమకాన్ని ఇవాళ కంప్యూటర్ తెర మీద వంపులు తిరిగే గీతగా చూడొచ్చు. ఎక్కడ ఊగిందో, ఏ స్వరం మీద ఎంతసేపు నిలిచిందో తెలుస్తుంది. లండన్ క్వీన్ మేరీ యూనివర్సిటీలో తయారైన సోనిక్ విజువలైజర్ అనే సాఫ్ట్‌వేర్‌కు ఒక ప్లగిన్ జోడిస్తే చాలు, రెండూ ఉచితమే. బార్సిలోనాలోని పాంపెయు ఫాబ్రా యూనివర్సిటీ 2011లో మొదలుపెట్టిన కాంప్‌మ్యూజిక్ ప్రాజెక్టు కర్ణాటక సంగీతాన్నీ పరిశోధించింది. అదే యూనివర్సిటీ సంగీతాన్ని విశ్లేషించే ఎసెన్షియా సాఫ్ట్‌వేర్ కోడ్‌ను అందరికీ తెరిచిపెట్టింది. శంకరశాస్త్రి, గాయకుడు బాలమురళీకృష్ణ పుట్టిన గోదావరి సీమలో మాత్రం పాత కచేరీల, బుర్రకథల క్యాసెట్లకు అటకల మీద బూజు పడుతోంది. టేపు ఒకసారి పాడైతే ఏ సాఫ్ట్‌వేరూ తిరిగి తేలేదు. కళాకారుల, కుటుంబాల అనుమతితో వాటిని డిజిటల్‌లోకి మార్చే పనిని సాంస్కృతిక శాఖ ఈ ఏడాదే చేపట్టాలి. సంగీత విద్యార్థులకు ఈ పనిముట్లు పాఠ్యాంశం కావాలి.