చూసి ఊరుకుంటే చెరువూ దక్కదు, మోటారూ దక్కదు



ట్రాన్స్‌ఫార్మర్‌ను రాత్రికి రాత్రి దింపి, ఆయిలు పారబోసి, లోపలి రాగి తీగ ఎత్తుకుపోవడం తెలంగాణ పల్లెల్లో కొత్త ముచ్చట కాదు. బోరు మోటార్ల వైర్లు కోసుకుపోవడం, స్టార్టర్లు విప్పుకుపోవడం కూడా అంతే. దొంగకు దక్కేది కొంత రాగి. ఆ ట్రాన్స్‌ఫార్మర్ కింది రైతులకు పోయేది పొట్టకొచ్చిన పంట. అయినా చాలా ఊళ్లలో మనం చేసేదేమిటి? తలా ఇంత వేసుకుని బాగు చేయించుకుంటాం. ఠాణా గడప మాత్రం తొక్కం.

మా గోపన్‌పల్లి వైపు నష్టం ఇంకో రూపంలో వస్తోంది. జొన్న, వరి పండిన నేలల్లో అపార్ట్‌మెంట్లు లేచాయి. వాటి పునాదులు తవ్విన మట్టి, కూల్చిన గోడల పెళ్లలు ఎటు పోవాలి? సగం రాత్రి టిప్పర్లు వచ్చి చెరువు అంచునో, నాలాలోనో, ఖాళీ జాగాలోనో గుమ్మరించి పోతాయి. నాలా పూడితే వాన నీళ్లు చెరువుకు చేరవు, ఇళ్లలోకి వస్తాయి. చూసినవాళ్లు లేక కాదు. చేను దగ్గర పడుకున్న రైతు చూస్తాడు, పదో అంతస్తు బాల్కనీలో నిలబడ్డ ఉద్యోగి కూడా చూస్తాడు. ఇద్దరూ ‘మనకెందుకులే’ అనుకుంటారు.

మన జంకుకు కారణాలు లేకపోలేదు. ఠాణాకు పోతే ఆ రోజు పని పోతుంది. ‘రేపు రా’ అంటే చెప్పులు అరుగుతాయి. చేయించినవాడు పలుకుబడి ఉన్నవాడైతే పగ మిగులుతుంది. ఇవన్నీ నిజమే. కానీ కాగితం మీదికి రాని దొంగతనం సర్కారు లెక్కలో జరగనట్టే. కేసు లేని చోటికి గస్తీ బండి రాదు. మొదటిసారి అడిగేవాడు లేడని తెలిస్తే దొంగ రెండోసారి పక్క బోరుకు వస్తాడు.

చట్టం మనకు ఏం చెబుతున్నదో తెలుసుకోవాలి. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ నాగరిక సురక్షా సంహితలో 33వ సెక్షన్ కొన్ని నేరాల గురించి తెలిసిన ప్రతి మనిషీ పోలీసులకో మేజిస్ట్రేట్‌కో చెప్పి తీరాలంటుంది. సాగునీటి పనులకు నష్టం చేయడం వంటి ఆస్తి ధ్వంసం నేరాలు ఆ జాబితాలో ఉన్నాయి. అంటే కాలువ పూడ్చేవాణ్ణి చూసి నోరు మూసుకోవడం మన ఇష్టం కాదు. అదే చట్టం 173వ సెక్షన్ ప్రకారం కేసు పెట్టదగిన నేరమైతే ఏ ఠాణాలోనైనా ఫిర్యాదు ఇవ్వొచ్చు. ‘మా హద్దు కాదు’ అనడానికి లేదు. ఎఫ్‌ఐఆర్ కాపీ ఉచితంగా ఇవ్వాలి. రాసుకోకపోతే జిల్లా ఎస్పీకి, కమిషనరేట్‌లోనైతే డీసీపీకి పోస్టులో పంపవచ్చు. అక్కడా కదలకపోతే మేజిస్ట్రేట్ ఉన్నాడు.

కరెంటు తీగలు, సామాన్ల దొంగతనానికి 2003 విద్యుత్ చట్టం 136వ సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు ఉంది. దొంగసొత్తని తెలిసీ కొన్నవాడికి 137వ సెక్షన్ కింద అంతే శిక్ష. రాగి కొనే పాత ఇనుప సామాన్ల దుకాణం లేకుండా రాగి దొంగ బతకడు. పోలీసులు ఆ దుకాణాలను తనిఖీ చేయాలని మనం గట్టిగా అడగాలంటే మన చేతిలో కేసు నంబరు ఉండాలి.

ఒక హెచ్చరిక కూడా చెప్పాలి. సమాచారం ఇవ్వడం వేరు, చేతికి దొరికినవాణ్ణి చెట్టుకు కట్టేసి కొట్టడం వేరు. 2018 మే నెలలో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయన్న వాట్సాప్ పుకార్లకు తెలంగాణలో అమాయకులు ప్రాణాలు పోగొట్టుకున్నారు. చిత్తు కాగితాలు ఏరుకునేవాడు, పరాయి భాష మాట్లాడే కూలీ దొంగ అని మనమే తీర్పు చెప్పొద్దు. పేదవాడి మీద చెయ్యి చేసుకోవడం తేలిక, టిప్పర్ల యజమాని పేరు రాయడం కష్టం. మనం చేయాల్సింది ఆ కష్టమైన పనే.

ఒంటరిగా పోతే భయం, పది మందిమి పోతే బలం. అందుకే గ్రామ కమిటీలు ఈ నెలే ఒక నోటు పుస్తకం పెట్టాలి. మోటారు, స్టార్టరు నంబర్లు, బిల్లులు అందులో రాసి ఉంచాలి. దొంగతనం జరిగితే 100కో 112కో, కరెంటు వాళ్ల 1912కో అప్పుడే ఫోను చేయాలి. టిప్పర్ కనిపిస్తే ఒక్కరే అడ్డం పోవద్దు. బండి నంబరు, టైము, చోటు రాసుకుని, వీలైతే దూరం నుంచి ఫొటో తీయాలి. ఫిర్యాదు కింద ముగ్గురు నలుగురు సంతకాలు చేసి, సంఘం మనిషిని వెంట తీసుకుపోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు లోపలి చెరువుల విషయమైతే 2024 జూలైలో ఏర్పడ్డ హైడ్రాకు కూడా ఒక కాపీ ఇవ్వాలి.

కాలనీ సంఘాల వాళ్లతోనూ మాట్లాడాలి. వాళ్లకు కెమెరాలున్నాయి, మనకు కాలువ ఎటు నుంచి ఎటు పారుతుందో తెలుసు. రెండూ కలిస్తేనే చెరువు నిలుస్తుంది.

ఫిర్యాదు రాయడం మన బాధ్యత, దాన్ని నమోదు చేసి దొంగను పట్టడం పోలీసుల బాధ్యత. మన వంతు మనం చేసినప్పుడే వాళ్ల వంతు నిలదీసి అడిగే హక్కు మనకుంటుంది.