దస్త్రాలకు ఫొటో తీస్తే చాలదు

2024 జూలై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరు కార్యాలయంలో మంటలు చెలరేగి భూముల దస్త్రాలు ఎన్నో కాలిపోయాయి. పాత కాగితాలన్నిటినీ స్కాను చేయించి భద్రపరిస్తే ఇంతటి బెడద ఉండదు. నిజమే. అయితే స్కానుతో పని సగం కూడా పూర్తి కాదన్న సంగతి అధికారులు, రైతులు ఇద్దరూ గుర్తించాలి.

స్కాను అంటే కాగితానికి తీసిన ఫొటో. అందులోని సర్వే నంబరు మనిషి కంటికి కనబడుతుంది గాని కంప్యూటరుకు అవి నల్లని గీతలే. పేరు చెబితే వెతికి ఇవ్వలేదు. తండ్రి పేరు తీసి కొడుకు పేరు చేర్చనూ లేదు. ఆ గీతలను అక్షరాలుగా మార్చాలి. అచ్చయిన ఇంగ్లీషును యంత్రం సులువుగానే చదువుతుంది. ఒత్తులు, గుణింతాలు గల తెలుగు దానికి కష్టం. ఇక కరణాల గొలుసుకట్టు రాత సంగతి చెప్పనక్కరలేదు. కరణాల పదవులు 1984లోనే రద్దయ్యాయి, ఆ రాత పోల్చుకోగల పెద్దలూ తగ్గిపోతున్నారు. కనుక మనుషులే చూసి టైపు చేయవలసి వస్తుంది.

చిక్కంతా అక్కడే. ఎకరా ఏడు సెంట్లు, అంటే 1.07, టైపులో 1.70 అయితే పక్క రైతుతో తగాదా పుట్టినట్టే. మునెమ్మ కాస్తా మునియమ్మ అయితే ఆధార్‌లోని పేరుతో కలవక బ్యాంకులో పంట రుణం ఆగిపోతుంది. తప్పు పడడానికి క్షణం చాలు. దిద్దించుకోవడానికి మాత్రం ఆమె కూలి మానుకొని మండల కార్యాలయం చుట్టూ తిరగాలి. బస్సు చార్జీ కూడా ఆమెదే!

పలమనేరు దాటితే వచ్చే కర్ణాటకలో 'భూమి' పథకం కింద 2000 ప్రాంతంలోనే సుమారు 2 కోట్ల పహాణీలను కంప్యూటరుకెక్కించారు. ఊరి లెక్కలు తెలిసిన విలేజి అకౌంటెంట్ల చేత వాటిని సరిచూయించారు. మన రాష్ట్రంలో 'మీభూమి' 2015లో వచ్చింది. అడంగల్, 1బి ఇంటి నుంచే చూసుకోవచ్చు. కాని పాత రిజిస్టరులో ఏముందో కూడా పక్కనే కనబడితే గదా, రైతు గట్టిగా అడగగలిగేది.

అందుకే టైపు చేసిన ప్రతి పత్రానికి దాని స్కానును జతచేసి ఉంచాలి. సబ్ డివిజన్ల విస్తీర్ణాలు కూడితే సర్వే నంబరు మొత్తానికి సరిపోతున్నదా అని కంప్యూటరు చేతనే లెక్క వేయించాలి. దిద్దడానికి వీలైన పత్రం గనుక ఎవరు, ఏ తేదీన దిద్దారో నమోదు కావాలి. ఖరారు చేసే ముందు పేర్లు, విస్తీర్ణాలు గ్రామసభలో బిగ్గరగా చదివి వినిపించాలి. చదువు రాకపోయినా తన మడి ఎన్ని సెంట్లో మునెమ్మకు తెలుసు. ఆ సభను ముందుగా దండోరా వేయించి సాయంత్రం పూట జరపాలి. పొద్దున పెడితే అందరూ చేలలోనే ఉంటారు.