పాపాయి కుళ్ళాయి

డిసెంబరు రాగానే భవానీపూర్‌లో తాతగారి నుండి మనుమని వరకు తలలకు మంకీ టోపీలు ఎక్కుతాయి. ఇక్కడి మన తెలుగు ఇళ్ళలోనూ కొందరు పసిపాపకు ఉన్ని కుళ్ళాయి తొడిగి, రాత్రి నిద్రలో సైతం తీయరు. మనం ఆలోచించవలసినది ఇక్కడే.

శరీరంతో పోల్చితే శిశువు తల పెద్దది. దుప్పటి కప్పినపుడు మిగులు వేడి ఎక్కువగా తల నుండే వెలుపలికి పోతుంది. దానిని మూసివేస్తే ఒళ్ళు అతిగా వేడెక్కుతుంది. టోపీ జారితే ఊపిరికే అడ్డు. అందుచేతనే పుట్టిన తొలి గంటలలోను, ప్రత్యేక చికిత్సా విభాగంలోను తప్ప ఇంటిలోపల శిశువుకు టోపీ వలదని అమెరికా శిశువైద్య అకాడమీ 2022లో సూచించింది.

ఉదయపు చలిలో జదుబాబు బజారుకు ఎత్తుకొని వెళ్ళేటప్పుడు కుళ్ళాయి అవసరమే. చర్మానికి తగిలే పొర మెత్తని నూలుదై ఉండాలి. గడ్డం కింద ముడివేసే తాళ్ళు, ఊడివచ్చే గుండీలు ఉండరాదు. అంచు కింద వేలు సులువుగా దూరాలి.

ఇల్లు చేరగానే తీసివేద్దాం. చలి తెలుసుకొనడానికి చేతులను కాక, మెడ వెనుక తాకి చూద్దాం. చల్లగా ఉంటే ఒంటికి మరొక చొక్కా తొడుగుదాం. చెమట పడితే ఒక పొర తగ్గిద్దాం. అమ్మమ్మలు నొచ్చుకున్నా సరే, నిద్రపుచ్చే ముందు కుళ్ళాయి తీయడం మరువవద్దు.